ఆముక్తమాల్యద పీఠికలో శ్రీకాకుళాలయం: పద్యసాక్ష్యానికి హద్దులు

కృష్ణాతీరాన, దివిసీమకు చేరువలో ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు ఆలయాన్ని గురించిన సాహిత్య వ్యాసాలు సాధారణంగా ఆముక్తమాల్యద పీఠికతో ఆరంభమవుతాయి. అది సహజమే. అయితే ఆ పీఠికను ఆలయ కట్టడానికి సాక్ష్యంగా వాడుకోవడం ఎంతవరకు సమంజసం?

కళింగ దండయాత్రలో విజయవాడలో కొన్నాళ్లు విడిసి, శ్రీకాకుళం చేరి, ఏకాదశి ఉపవాసం ఉన్నానని రాయలు చెప్పాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించాడు. ఆ దర్శనాన్ని వర్ణించే సీసపద్యంలో మేనిచాయ, కన్నులు, పట్టువస్త్రం, కౌస్తుభం, చెంతనున్న లక్ష్మి, చిరునవ్వు వరుసగా వస్తాయి. గోపురం లేదు, ప్రాకారం లేదు. కట్టడాల వర్ణన చేతకాని కవి కాడాయన; విల్లిపుత్తూరు పురవర్ణనకు అదే ఆశ్వాసంలో ఎన్నో పద్యాలు వెచ్చించాడు. పైగా ఇక్కడ వర్ణితమైనది స్వప్నంలోని మూర్తి. దానిని గర్భాలయంలోని మూలవిరాట్టు ప్రతిమాలక్షణంగా చదవడానికి కూడా జాగ్రత్త అవసరం.

ఆలయ ప్రాంగణంలోని మండపాన్ని రాయల కావ్యరచనతో ముడిపెట్టి చూపుతారు. స్థానిక స్మృతిగా దాని విలువ దానికుంది. కానీ పీఠిక చెప్పేది కల సంగతి, పిమ్మట పండితులను పిలిపించి దానిని వినిపించిన సంగతి. రచన ఆ మండపంలో సాగిందనడానికి అందులో ఆధారం లేదు. మండపం కాలాన్ని నిర్ణయించవలసినవి అధిష్ఠానపు వరుసలు, స్తంభంలో చదరపు, ఎనిమిది పలకల భాగాల కూర్పు, అన్నిటికంటే ముఖ్యంగా పోతిక. విజయనగర శైలిలో పోతిక చివర కిందికి వేలాడే తామరమొగ్గగా రూపుదిద్దుకుంటుంది. చోళుల నాటి పోతికలు ఇంతకంటే నిరాడంబరం. ఈ పోలిక చేయకుండానే ‘రాయల నాటి మండపం’ అని రాసేయడం మనకు అలవాటైపోయింది.

ఇదే డెల్టాలోని గుడివాడ, ఘంటసాల బౌద్ధస్తూపాలను గురించి అలెగ్జాండర్ రే 1894లోనే గ్రంథం ప్రచురించాడు. ఘంటసాల స్తూపంపై చర్చ లోపలి ఇటుక గోడల చక్రాకార అమరికను, అంటే కట్టడాన్నే ఆధారం చేసుకుంటుంది. తెలుగు శాఖల్లో శ్రీకాకుళాలయంపై చర్చ మాత్రం పద్యం దగ్గరే ఆగుతోంది. జీర్ణోద్ధరణల్లో సున్నమూ రంగులూ పొరలుగా పేరుకుంటే పోతిక అంచులు, శాసనాక్షరాలు ముందుగా మరుగవుతాయి. కనుక స్తంభాల కొలతలు, ఛాయాచిత్రాలు మరో పూతకు ముందే సేకరించవలసి ఉంది.