మూడు గుడ్ల కోసం ఐదు వారాలు

రాజమండ్రి మే నెల ఎండలో కూర్చుని అంటార్కిటికా గురించి వినడంలో ఒక సుఖం ఉంది. కాలేజీ రోజుల్లో సెమినార్ హాల్లో ఒక వక్త మాకు ఆ సుఖం బాగానే పంచాడు. తెర మీద షాకిల్టన్ ప్రకటన వేశాడు. జీతం తక్కువ, చలి ఎక్కువ, నెలల తరబడి చీకటి, తిరిగొస్తారన్న హామీ లేదు, గెలిస్తే మాత్రం కీర్తి. "మీలో ఎంతమంది వెళ్తారు?" అని అడిగితే హాలంతా చేతులెత్తింది. నేనూ ఎత్తాను.

ఎలా వెళ్ళాలి, డబ్బులెవరిస్తారు, అక్కడికెళ్ళి ఏం పని చేయాలి అని ఒక్కరం కూడా అడగలేదు.

ఆ ప్రకటనే నమ్మదగ్గది కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1914 యాత్రకు ముందు వచ్చిందంటారు గానీ, ఎంత వెతికినా ఆ కాలపు పత్రికల్లో అది ఎవరికీ దొరకలేదు. పుస్తకాల్లో కనిపించడం మొదలైంది 1940లలో. అంటే యువతని ధ్రువాలవైపు పిలిచే అత్యంత ప్రసిద్ధ వాక్యాలు బహుశా ఎవరో తర్వాత అల్లినవి. అబద్ధమైతే ఏంటి, స్ఫూర్తి నిజమే కదా అనొచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే సర్దుకున్నాను, చెర్రీ-గెరార్డ్‌ని చదివేదాకా.

ఆప్స్లీ చెర్రీ-గెరార్డ్ 1922లో రాసిన 'ది వరస్ట్ జర్నీ ఇన్ ది వరల్డ్' స్కాట్ చివరి యాత్ర కథ. పేరులోని ఆ అతి ఘోరమైన ప్రయాణం మాత్రం దక్షిణ ధ్రువానిది కాదు. 1911 జూన్ 27న, అక్కడి నడి శీతాకాలపు చీకట్లో, విల్సన్, బవర్స్, చెర్రీ ముగ్గురూ కేప్ ఎవాన్స్ నించి కేప్ క్రోజియర్‌కి బయల్దేరారు. ఎంపరర్ పెంగ్విన్ పిండాలు చూస్తే పక్షులకీ సరీసృపాలకీ ఉన్న చుట్టరికం తేలుతుందని విల్సన్ ఆశ. ఒకవైపు దూరం వంద కిలోమీటర్ల పైనే, అటూ ఇటుగా మనకి ఏలూరంత. కొన్ని రోజులు ఆ దూరంలో రెండు మూడు కిలోమీటర్లే గడిచాయి. చలి మైనస్ 60 డిగ్రీలు. ఒకరోజు డేరా బయటికొచ్చి తలెత్తి చూస్తే, ఒంటిమీద బట్టలు ఆ భంగిమలోనే బిగుసుకుపోయాయట. తల దించడం కుదరక నాలుగు గంటలు అలాగే స్లెడ్జి లాగాడు. ఆగస్టు 1న వెనక్కి చేరేసరికి మిగిలింది మూడు గుడ్లు.

ఈ పుస్తకం గొప్పతనం కష్టాల జాబితాలో లేదు. కష్టాన్ని కీర్తిగా మార్చకపోవడంలో ఉంది. ఆ గుడ్లు పట్టుకుని లండన్ మ్యూజియానికి వెళ్తే, అక్కడి ఉద్యోగి విసుగ్గా తీసుకుని రసీదు కోసం అతన్ని గంటల తరబడి కూర్చోబెట్టాడు. మన తాలూకా ఆఫీసులు చూసినవాళ్ళకి ఈ ఘట్టం వేరే వివరించక్కర్లేదు. చెర్రీ దాన్ని నవ్వుతూనే రాస్తాడు, ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఎందుకంటే అప్పటికి విల్సన్, బవర్స్ ఇద్దరూ స్కాట్‌తో పాటు చనిపోయారు.

అంతకంటే లోతైన గాయం ఇంకొకటి. 1912 మార్చిలో చెర్రీ, కుక్కల బండి నడిపే దిమిత్రి గెరోవ్, వన్ టన్ డిపో దగ్గర స్కాట్ కోసం ఎదురు చూసి వెనుదిరిగారు. స్కాట్ బృందం చివరి డేరా అక్కడికి 11 మైళ్ళ దూరంలో బయటపడింది. కుక్కల్ని ప్రమాదంలో పెట్టొద్దన్న ఆదేశం, మంచు తుపాను, దారి గుర్తించే శిక్షణ లేకపోవడం, అన్నీ కారణాలే. అయినా పుస్తకం నిండా ఒక మనిషి తనతో తానే వాదించుకుంటాడు. మధ్యలో ఇతరుల డైరీలు పేజీల కొద్దీ నింపి విసిగిస్తాడు, నిజమే. ఆ డైరీలు అతని సాక్షులని రెండోసారి చదివినప్పుడు అర్థమైంది.

నన్ను ఆపేసిన వివరం ఇంకొకటి ఉంది. చెర్రీని మొదట వద్దన్నారు. అతను యాత్రకి వెయ్యి పౌన్లు విరాళం ఇస్తానన్నాడు, కాదన్నాక కూడా ఇచ్చాడు, ఆ తర్వాత తీసుకున్నారు. ఇది తన డబ్బుతో తలుపు తట్టగలిగిన కుర్రాడి కథ. ఆ వెయ్యి లేని పిల్లలకి ఈ చరిత్ర చెప్పి "మీరూ వెళ్ళండి" అంటే సరిపోతుందా?

సరిపోదని మన దగ్గరే రుజువైంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి పద్నాలుగేళ్ళు నిండలేదు. వాళ్ళకి దొరికింది ప్రకటన కాదు. సాంఘిక సంక్షేమ గురుకులం, భువనగిరి బండ, డార్జీలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ, ఖర్చు భరించిన ప్రభుత్వం. 2019లో పూర్ణ అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం కూడా ఎక్కింది. రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' (2017) నాకు మంచు మీద కంటే ఊళ్ళోనే ఎక్కువ నచ్చింది. ఆడపిల్ల ఇల్లు దాటడమే అక్కడ మొదటి యాత్ర.

సాహసం గురించి ఇంకో మాట గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళం చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న నదిలో పాపికొండలకి బయల్దేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల మంది పోయారు. వాళ్ళు సాహసయాత్రికులు కారు, సెలవు రోజు సరదాకి వచ్చినవాళ్ళు. అప్పట్నించీ ఎవరైనా 'ధైర్యం' అంటే, వెనక్కి తిప్పమనే మాట ఎవరి చేతిలో ఉంది అని అడగాలనిపిస్తుంది. అసలు షాకిల్టన్ గురించి పిల్లలకి చెప్పాల్సింది కూడా అదే. 1909 జనవరి 9న దక్షిణ ధ్రువం ఇంకో 180 కిలోమీటర్లుండగా అతను వెనక్కి తిరిగాడు. తనతో ఉన్న ముగ్గురూ బతికారు.

ఇలాంటి రాత మనకి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నించి కాశీకి బయల్దేరి, తిరుగు దారిలో మన తీరం వెంబడి దిగివచ్చాడు. 'కాశీయాత్ర చరిత్ర'లో దారి ఎలా ఉంది, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, ఏరు ఎలా దాటాలి, ఇవే ఉంటాయి. తర్వాత వచ్చేవాడికి పనికొచ్చేలా రాయడం అది. నా లెక్కలో ఏ ప్రకటనకన్నా అదే నిజమైన పిలుపు.

ఇప్పుడు ఎవరైనా కుర్రాళ్ళు ధ్రువాల గురించి అడిగితే రెండు మాటలు చెప్తాను. ఒకటి, మన దేశం మొదటి బృందం 1982 జనవరిలో అక్కడ కాలుపెట్టింది, ఇప్పుడు మైత్రి, భారతి స్థావరాలున్నాయి. వాటిని నడపడానికి శాస్త్రవేత్తలే కాదు, డాక్టర్లు, మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్ళు కూడా కావాలి. రెండు, చెర్రీ పుస్తకం చదువు. చదివాక కూడా వెళ్ళాలనిపిస్తే, అప్పుడు చెయ్యెత్తు.