మేం ఏ లెక్కలోకి వస్తాం?

లెక్కలకు కులం లేదు, మతం లేదు అంటారు. అనేవాళ్లలో మా సెక్యులర్ మిత్రులే ఎక్కువ. రెండూ రెండూ ఎక్కడైనా నాలుగే, కాదనం. కానీ ఆ నాలుగుని ఏ భాషలో చెప్తున్నారు? ఎవరి బతుకులోంచి చెప్తున్నారు? ఎవడికి రాదని ముందే తీర్మానించుకుని చెప్తున్నారు? అక్కడ కులమూ ఉంది, మతమూ ఉంది.

6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి మొహమే చూడలేదనో, మధ్యలో మానేశారనో 2006లో సచార్ కమిటీ చెప్పింది. వీళ్లని దాటుకుని హైస్కూలు దాకా వచ్చిన పిల్లల సంగతి ఇది. పదో తరగతి లెక్కల పరీక్షలో తప్పి మెకానిక్ షెడ్డుకో, టైలర్ షాపుకో పోయిన పిల్లాణ్ణి చూసి 'మీవాళ్లకి చదువు మీద శ్రద్ధ లేదు' అనేస్తారు.

ముందు భాష. సమద్విబాహు త్రిభుజం, కర్ణం, కరణీయ సంఖ్య. ఇది ఏ ఇంటి తెలుగు? మాల మాదిగ పిల్లలకి ఎంత పరాయిదో మా పిల్లలకీ అంతే పరాయిది. పోనీ ఉర్దూ మీడియం మేలా? అక్కడ త్రిభుజం ముసల్లస్, కోణం జావియా, కర్ణం వతర్. మేం ఇంట్లో మాట్లాడే దక్కనీలో ఇవెక్కడున్నాయి? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలకి ఇదీ పరాయిదే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూలోనే పైలెక్కలు చెప్పారు, అందుకోసం పుస్తకాలు తర్జుమా చేయించారు. అది మాకు గర్వమే. కానీ అది కూడా షరీఫుల ఉర్దూ. దూదిని ఏకేవాడి నోటి మాట ఆ పుస్తకాల్లోకి ఎక్కలేదు.

మేస్త్రీ పనికి పోయే మా పిల్లాడికి గునియా తెలుసు. గోడ మూల సరిగ్గా వచ్చిందో లేదో ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు కొలిచి, మధ్య తాడు అయిదొచ్చిందా అని చూడ్డం తెలుసు. అదే పైథాగరస్ సిద్ధాంతమని బడిలో వాడికి ఎవరూ చెప్పరు. గునియా అన్న మాట నోట్‌బుక్కులో రాస్తే కొట్టేస్తారు. లెక్కలంటే పిల్లల్లో భయమూ ఓడిపోయామన్న భావమూ ఉన్నాయని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం రాసిన పత్రమే ఒప్పుకుంది. ఆ భయం పుట్టేది ఇట్లాంటి చోటే.

పుస్తకంలో మధ్యమధ్య ఒక రహీం కనబడతాడు. మామిడిపళ్లు కొంటాడు, పంచుతాడు, పోతాడు. రాముడి పేరు తీసి రహీం పేరు పెడితే లెక్క మాదవుతుందా? ఇంట్లో వడ్డీ హరామ్ అని వింటూ, వారం ఫైనాన్సుకి అమ్మీ కట్టే వాయిదాలు చూస్తూ బడికొచ్చే పిల్లాడికి చక్రవడ్డీ వట్టి సూత్రం కాదు. ఆ పాఠం తీసేయమని మేం అడగం. అది రాకపోతే ఫైనాన్సువాడు ఎంత మింగుతున్నాడో తేలేదెట్లా? వాడి ఇంటి ముచ్చట క్లాసులోకి రానివ్వమంటున్నాం.

మావాళ్లకీ ఒక మాట. ఆల్జీబ్రా మనదే, అల్ ఖ్వారిజ్మీ మనవాడే అని జల్సాల్లో చప్పట్లు కొట్టించుకుంటే పిల్లాడికి ఒక్క సమీకరణం రాదు. 9వ శతాబ్దంలో ఆయన రాసిన అల్ జబ్ర్ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలే. వాటినే చెప్పొచ్చు కదా! ఒకాయన భార్యనీ, ఒక కొడుకునీ, ఇద్దరు కూతుళ్లనీ వదిలి చనిపోయాడు. భార్యకి 1/8. మిగిలిన 7/8లో కొడుకుకి 7/16, కూతుళ్లకి తలా 7/32. భిన్నాలకి ఇంతకంటే మంచి లెక్క ఏముంది? నాకు సగమే ఎందుకని క్లాసులో ఒక ఆడపిల్ల అడుగుతుంది. అడగనివ్వండి. మౌల్వీసాబ్‌కి కోపం వస్తుందని ఆ లెక్క దాచిపెడితే, ఆ సగం కూడా ఇవ్వకుండా ఎగ్గొడుతున్న అన్నదమ్ములకే లాభం.

ఇక టీచర్లు. ఉర్దూ మీడియం పోస్టులు రిజర్వేషన్ రోస్టర్లో పడి, ఆ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగిలిపోతుంటాయి. ఇది దళితుల తప్పు కాదు. వాళ్ల కోటా వేరే చోట వాళ్లకిచ్చి ఈ ఖాళీ నింపడం సర్కారు చేతిలో పని. లెక్కల టీచరే లేని క్లాసులో కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చే ప్రశ్నపత్రమే మా పిల్లలకీ ఇచ్చి, దాన్ని సమానత్వం అంటున్నారు.