యంత్రము వచ్చినది, దానికి తోడెవరు?

ప్రాథమిక పాఠశాలలో కంప్యూటరుకు చోటున్నదా అను ప్రశ్నకు కాలము చెల్లినది. 2025లో తెలంగాణ ప్రభుత్వము బెంగుళూరునందలి ఏక్‌స్టెప్ ఫౌండేషను సహకారముతో, కృత్రిమ మేధ సహాయమున చిన్న తరగతుల పిల్లలకు చదువు, లెక్కలు నేర్పు ప్రయత్నమును కొన్ని జిల్లాలలో ఆరంభించినది. వానిలో వికారాబాదు జిల్లా యొకటి. ప్రయత్నము మెచ్చదగినదే. కాని యంత్రమును గురించి చర్చించినంతగా, దాని ప్రక్కన నిలువవలసిన మనుష్యుని గురించి చర్చ జరుగుట లేదు.

ముందుగా ఇందలి గుణమును చూతము. ఒకే తరగతిలోని పిల్లలందరును ఒకే మెట్టున ఉండరు. యంత్రము ఎవరి మెట్టుకు తగిన లెక్కను వారికిచ్చును. విసుగు లేక మరల మరల ఇచ్చును. ఒక బాలిక 52 నుండి 38 తీసివేసి 26 అని వ్రాసినదనుకొందము. అది గ్రుడ్డి తప్పు కాదు. 8లో నుండి 2, 5లో నుండి 3 తీసినది; ప్రతి స్థానమునను పెద్ద అంకెలో నుండి చిన్నదానిని తీసివేయుట ఆమె ఏర్పరచుకొన్న నియమము. చక్కగా రచించిన కార్యక్రమము ఈ పోకడను పసికట్టగలదు.

అంతటితో పని ముగియునా? పది పుల్లల కట్టలు అయిదు, విడిపుల్లలు రెండు ఆమె ముందుంచి, ఒక కట్టను విప్పించిననే స్థానవిలువ మనస్సున నాటును. అది చేతితో చేయించవలసిన పని. తాండూరు ప్రాంతము కర్ణాటక సరిహద్దున ఉన్నది. లంబాడీ, కన్నడము, ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలు అచట కలరు. వారిలో ఒకరు తప్పు జవాబిచ్చినచో, లెక్క రాకనా, ప్రశ్నలోని తెలుగు అర్థము కాకనా? తెరపై రెండును ఒకే తప్పుగా కనబడును. ప్రక్కన కూర్చుండి అడిగినవారికే భేదము తెలియును.

ఇతర దేశముల అనుభవమును ఇట్లే ఉన్నది. పెరూ దేశమున 319 ప్రాథమిక పాఠశాలలలో జరిపిన పరిశీలన 2012లో వెలువడినది. పిల్లలకు కంప్యూటర్లు పంచిపెట్టినను గణితమున, భాషలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. 2019లో ప్రచురితమైన ఢిల్లీ పరిశీలనలో ఫలితము బాగుగ నున్నది; అచట స్థాయికి తగిన అభ్యాసముతోబాటు చిన్న బృందములకు బోధించు వ్యక్తియు ఉండెను. ఈ రెంటికి ఇతర భేదములును ఉన్నవి గనుక మేలంతయు ఆ వ్యక్తి వలననే అనరాదు. కాని యంత్రమును పంచుట వేరు, దానిని బోధనలో ఇముడ్చుట వేరు అని మాత్రము స్పష్టము.

మన ఉపగ్రహ దూరదర్శన ప్రయోగమును ఇచట స్మరింపదగును. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. అందు రిసీవర్ల మరమ్మతును, ఉపాధ్యాయుల శిక్షణను ప్రయోగములో భాగములుగనే తలచిరి.

మరి నేటి సంగతి? 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఉపాధ్యాయులు ఇద్దరు, తరగతులు అయిదు. ఒకరు కొందరు పిల్లలతో కంప్యూటరు వద్ద కూర్చుండిన, మిగిలిన తరగతుల భారమంతయు రెండవవారిపై పడును. సాంకేతిక నిపుణుని ప్రసక్తి ఆ లెక్కలో లేదు.

ప్రతి పాఠశాలకు ఒక నిపుణుని ఇచ్చుట వ్యయసాధ్యమని ఆక్షేపింపవచ్చును. సమీపమున ఉన్న కొన్ని పాఠశాలలకు ఒకరిని నియమించి, వారమున వంతులు వేయవచ్చును గదా! అతడు కేవలము తీగలు బిగించువాడు కారాదు. పిల్లల తప్పులను చదివి, ఉపాధ్యాయునితో కలిసి మరునాటి పాఠమును నిర్ణయింపగలవాడు కావలెను. నాపరాళ్ల గనులలో, కందిచేలలో పనిచేయు తల్లిదండ్రుల బిడ్డకు ఇంట లెక్క చెప్పువారు ఉండకపోవచ్చును. బడిలో జారవిడిచిన మెట్టు ఆ బిడ్డకు మరల దొరకుట కష్టము. 26 అని వ్రాసిన బాలికను “ఎట్లు వచ్చినదమ్మా?” అని అడుగువాడొకడు బడిలో ఉన్ననాడే ఈ ప్రయత్నము ఫలించును.