పటముపై గీత, యంత్రములో దారి

పటములు సామాన్యముగా రెండు తెగలు. ఉన్నదానిని ఉన్నట్లు చూపునది ఒకటి. గట్లను, పుంతలను, చెరువు శిఖమును గుర్తించుచు కరణముగారి పెట్టెలో అణగియుండి, తగవు వచ్చిననాడు మాత్రమే బయటికి వచ్చుచుండిన గ్రామపటము అట్టిది. ఉండవలసినదానిని చూపునది రెండవది. మేస్త్రి ముందర పరచి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ గుమ్మము అని యజమాని వ్రేలితో చూపు ఇంటి నక్షా ఆ జాతిలోనిది. ఈ రెంటిలో దేనికిని పూర్తిగా చెందని మూడవ తెగ పటమొకటి టెలికాం సంస్థల నియంత్రణశాలలలో కలదు. ఉన్నదానిని అది చూపును. కాని అందొక గీతను చెరిపి వేరొక గీతను గీసి, సరేయని మీట నొక్కినచో, మేస్త్రి చేయి పడకయే గోడ జరిగినట్లు, వందల మైళ్ల దూరమందలి యంత్రములలో దారులు మారును. వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్కు అను సేవను దాని టోపాలజీ పటముమీదనే సవరించు ఈ విద్యను గూర్చి, ఆ పనిలో తల నెరసినవాడనగుటచే, కొంత చెప్పదలచితిని.

వీపీఎన్ అనగానే నేటి పాఠకునకు ఫోనులో నొక్కెడి చిన్న బొమ్మయు, దాని చాటున తన జాడ మరుగుపడుటయు స్ఫురించును. నేను చెప్పునది అది కాదు. ఊరూర శాఖలున్న బ్యాంకులకు, మందుల కంపెనీలకు, లారీ సర్వీసులకు టెలికాం సంస్థ సమకూర్చు సేవ ఇది. వందలకొలది ఖాతాదారుల రాకపోకలు ఒకే ఉమ్మడి రహదారిపై సాగుచుండగా, ఏ ఖాతాదారునకు ఆ ఖాతాదారునకు ఆ రహదారి తన సొంతమేయని భ్రమ కలుగునట్లు నడపుట ఇందలి నేర్పు. పూర్వము ఈ భ్రమకు వెల మిక్కుటముగా నుండెడిది. ప్రతి రెండు శాఖల నడుమను ఒక్కొక్క దారి విడిగా ఏర్పరుపవలసి వచ్చినప్పుడు, పది శాఖలకు 45 దారులు, ఏబది శాఖలకు 1,225 దారులు కావలసి వచ్చును. క్రొత్తగా ఒక్క శాఖ తెరచినచో, తక్కిన ఏబదింటి యొద్దను పని పడును. 1999 మార్చిలో ఎరిక్ రోజెన్, యాకొవ్ రెఖ్టర్ అనువారు ఆర్‌ఎఫ్‌సీ 2547 అను పత్రమున ప్రకటించి, 2006 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 4364గా సంస్కరించిన పద్ధతి ఈ బెడదను తొలగించినది. నేటి పటములోని ప్రతి గీతకును అర్థము ఆ పత్రమునందే యున్నది గనుక, దానిని కొంచెము నిదానముగా చూడవలయును.

ఖాతాదారుని శాఖలో నుండు రౌటరును సీఈ అందురు; అది వచ్చి తగులుకొను టెలికాం సంస్థ అంచు రౌటరును పీఈ అందురు. పీఈలో ఒక్కొక్క ఖాతాదారునకు ఒక్కొక్క దారుల పట్టిక వేరుగా నుండును. దానికి వీఆర్‌ఎఫ్ అని పేరు. ఇద్దరు ఖాతాదారులు ఒకే అంకెల చిరునామాలను వాడుకొనుట సర్వసాధారణము. 10తో మొదలగు చిరునామాలను ఎవరి యింట వారు స్వేచ్ఛగా వాడుకొనవచ్చునని 1996లోనే ఒప్పుదల జరిగినది. ఒకే ఊరిలో ఇద్దరు వెంకటేశ్వర్లున్నచో ఇంటిపేరు చేర్చి పిలిచినట్లు, 32 బిట్ల చిరునామాకు ముందు 64 బిట్ల రూట్ డిస్టింగ్విషరును చేర్చి, 96 బిట్ల నిడివిగల నామముతో ఆ దారిని ఉమ్మడి నెట్‌వర్కున చాటుదురు. ఇంటిపేరు కలిసినందున మనుష్యులను గుర్తుపట్టుట సాధ్యమైనదే గాని, ఎవరింటికి ఎవరు రావచ్చునన్న సంగతి ఇంకను తేలలేదు. అది తేల్చునది రూట్ టార్గెట్.

గుంటూరు మిర్చి యార్డున బస్తాలపై వేయు గుర్తులను చూచినవారికి రూట్ టార్గెట్ సులభముగా బోధపడును. లారీలో అందరి బస్తాలును కలిసియే ప్రయాణము చేయును. దించుచోట హమాలీ తనకు చెప్పిన గుర్తున్న బస్తాలను మాత్రమే దించుకొనును. అట్లే ప్రతి వీఆర్‌ఎఫ్ తన దారులపై ఒక గుర్తు వేసి పంపును, ఫలానా గుర్తున్న దారులను మాత్రమే లోనికి తీసికొనును. మొదటిది ఎగుమతి, రెండవది దిగుమతి. మచిలీపట్నము శాఖ వేసిన గుర్తును హైదరాబాదు కార్యాలయము దిగుమతి చేసికొని, హైదరాబాదు వేసిన గుర్తును మచిలీపట్నము దిగుమతి చేసికొన్ననాడు ఆ రెంటి నడుమ రాకపోకలు సాగును. పటముపై ఆ రెంటిని కలుపు గీతకు అర్థము ఇంతమాత్రమే. అది తీగ కాదు, పరస్పర అనుమతి. క్రొత్తగా పనిలో చేరిన కుర్రవారు ఆ గీత వెంట కేబులును వెదకుట నేను ఎన్నియో పర్యాయములు చూచితిని. మొదటి దినమున నేనును వెదకితిని.

పటము లేని కాలమున ఈ గుర్తులను చేతితో టైపు చేసెడివారము. ఒక రాత్రి 65000:101 అని కొట్టవలసినచోట నా వ్రేలు 65000:110 అని కొట్టినది. అది మరియొక ఖాతాదారుని గుర్తు. తప్పుడు అంకె వేసినందుకు యంత్రము నన్ను ఆక్షేపింపలేదు. వ్యాకరణరీత్యా ఆ వాక్యము నిర్దుష్టము. ఒక మందుల కంపెనీ పట్టికలోనికి ఒక లారీ సర్వీసు దారులు వచ్చి కూర్చుండెను, ఇరువురును 10.1.5.0 అను చిరునామానే వాడుకొనుచుండుటచే, కంపెనీ గోదామునకు పోవలసిన సమాచారము ఎవ్వరును ఎదురుచూడని చోటికి పోయి నశింపసాగెను. తెల్లవారి గోదామున బిల్లులు అచ్చుకాలేదు. తారుమారైన ఆ రెండంకెలను కనుగొనుటకు మాకు నాలుగు గంటలు పట్టినది. పటమే యున్నచో, రెండు సంసారముల నడుమ నడిమింటి తలుపు తెరచినట్లు, ఇరువురు ఖాతాదారుల మధ్య సాగిన అసంబద్ధమైన గీత ఒక్క చూపున పట్టువడి యుండును. చదివి కనుగొనవలసిన దోషమును చూచి కనుగొనునట్లు చేయుటయే ఈ పటము చేయు మొదటి మేలు.

అట్టి పటమును గీయుటయు ఒక కళయే. ఊళ్ల దూరములు, దిక్కులు ఇందు లెక్కకు రావు. ఏది దేనితో కలియునన్నదే ప్రధానము. కోనిగ్స్‌బెర్గు ఏడు వంతెనల సమస్యను 1736లో విచారించిన ఆయిలరు మొదలు, లండను భూగర్భ రైలుమార్గమును నిలువు, అడ్డము, ఏటవాలు గీతలలోనికి మలచి 1933లో ప్రయాణికుల చేతికిచ్చిన హారీ బెక్ వరకు, అనవసరమును విడుచుటలో నైపుణ్యము చూపినవారే ఈ కళకు పెద్దలు. వీపీఎన్ పటములో టెలికాం సంస్థ నడిబొడ్డున నుండు రౌటర్లన్నియు ఒక మేఘపు బొమ్మ చాటున దాగును. వానికి ఏ ఖాతాదారుడెవరో తెలియదు, తెలియనక్కరయు లేదు. ఉత్తరమును రెండు కవర్లలో పెట్టినట్లు ప్రతి సమాచారపు పొట్లమునకు రెండు లేబుళ్లు తగిలింపబడును. పై లేబులు చూచి ఆ రౌటర్లు గమ్యపు పీఈకి చేర్చును, లోపలి లేబులు చూచి ఆ పీఈ సరియైన వీఆర్‌ఎఫ్‌లోనికి దించును. అందరికి అందరితో రాకపోకలున్న సేవను ఉన్నదున్నట్లు గీసినచో, పైని చెప్పిన 1,225 గీతలును కలిసి తెరమీద సిరా బుడ్డి ఒలికినట్లగును. అందుచే నేర్పరులు నడుమ ఒక చిన్న వృత్తమును గీసి, శాఖలన్నిటిని ఆ వృత్తమునకే కట్టుదురు. గీతలు ఏబది యగును. శాఖలన్నిటికిని ఉమ్మడి గుర్తు ఒక్కటే యన్న సత్యమునకు ఆ బొమ్మయే దగ్గరగా నుండును.

క్రొత్త శాఖను చేర్చుట సులభము. బొమ్మల వరుసనుండి ఒక సీఈని లాగి పటముపై దించి, దగ్గరలోని పీఈతో కలిపి, తగిలింపబడు పోర్టు, వేగము, దారులు చెప్పుకొను పద్ధతి నింపినచో, తక్కినదంతయు సాఫ్ట్‌వేరు వ్రాసికొనును. నిజమైన చాతుర్యము సేవ ఆకృతినే మార్చవలసి వచ్చినప్పుడు కావలయును. ఇంతవరకు ఎవరితోనైన ఎవరైన మాటాడుకొనుచుండిన శాఖలు ఇకమీదట ప్రధాన కార్యాలయము ద్వారా మాత్రమే మాటాడవలెనని ఒక సహకార బ్యాంకు కోరినదనుకొందము. దీనిని హబ్ అండ్ స్పోక్ అందురు. 2018 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 8299 ఇట్టి సేవలను వర్ణించు పరిభాషను నిర్దేశించి, అందరికి అందరు, కేంద్రము చుట్టును శాఖలు, ఒకదానితో నొకటి మాటాడని కేంద్రముల చుట్టును శాఖలు అని మూడు ఆకృతులను పేర్కొన్నది. పటముపై ఈ మార్పు వృత్తమును తీసివేసి నక్షత్రమును గీయుటయే. లోపల మాత్రము ఒక గుర్తు పోయి రెండు గుర్తులు రావలయును: కేంద్రము వేయు గుర్తును శాఖలు దిగుమతి చేసికొనును, శాఖలు వేయు గుర్తును కేంద్రమొక్కటే దిగుమతి చేసికొనును.

ఇక్కడ క్రమము ప్రాణము వంటిది. పాత ఉమ్మడి గుర్తును ముందు తీసివేసినచో, క్రొత్త గుర్తులు వచ్చి కుదురుకొనువరకు బ్యాంకు అంతయు చీకటిలో నుండును. కాబట్టి క్రొత్త ఎగుమతులను, దిగుమతులను అన్నిచోట్ల చేర్చి, దారులు పట్టికలలోనికి వచ్చినవని చూచుకొని, పిమ్మటనే పాతదానిని తొలగింతురు. క్రొత్త వంతెన తెరచిన తరువాతనే పాతది కూల్చినట్లు. ఈ క్రమమును పాటింపని సాఫ్ట్‌వేరు, పటము ఎంత సుందరముగా నున్నను, నా దృష్టిలో ఆటబొమ్మయే.

పటము అబద్ధమాడు తావొకటి కలదు. నక్షత్రము గీయబడినది, మచిలీపట్నమునకు, గుడివాడకు నడుమ గీత లేదు, చూచినవారు ఆ రెండు శాఖలు హైదరాబాదు ద్వారానే మాటాడుకొనుచున్నవని నమ్ముదురు. కాని ఆ రెండు శాఖలును విజయవాడలోని ఒకే పీఈకి తగులుకొని, అందు ఒకే వీఆర్‌ఎఫ్‌లో నున్నచో, వాని దారులు ఆ పట్టికలో ముందునుండియే పక్కపక్కన నున్నవి. ఇక ఎగుమతితో గాని దిగుమతితో గాని వానికి పనియే లేదు. ఒకే వసారాలో కూర్చున్న ఇరువురు మాటాడుకొనుటకు వీథిగుమ్మము గొళ్లెముతో ఏమి నిమిత్తము? ప్రధాన కార్యాలయమున లక్షలు వెచ్చించి నిలిపిన ఫైర్‌వాల్ వాని సంభాషణను ఎన్నడును వినదు. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క వీఆర్‌ఎఫ్ వేరుగా నిచ్చుట దీనికి చికిత్స. మంచి పటములో శాఖల బొమ్మలు మాత్రమే గాక, అవి ఏ పీఈలో ఏ పట్టికను పంచుకొనుచున్నవో తెలుపు పొర యుండి తీరవలెను. గీత యున్నచోట అనుమతి యున్నదని నమ్మవచ్చును. గీత లేనిచోట అనుమతి లేదని నమ్ముటకు పూర్వము ఆ పొరను ఒకమారు తెరచి చూచుట మంచిది.

గీత గీయుటకును దారి మారుటకును నడుమ ఒక విరామమును కల్పించుట ఈ విద్యలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగము. గీసిన వెంటనే ఏమియు జరుగదు. ఆ గీత చుక్కలుగా కనిపించును. సరేయని మీట నొక్కుటకు ముందే, ఏ రౌటరులో ఏ వాక్యములు చేరును, ఏవి పోవును అన్నది ఎదుట వ్రాసి చూపబడును. వధూవరుల జాతకములను చూచినంత శ్రద్ధగా దానిని చదువవలెనని నా గురుతుల్యుడైన యొక ఇంజనీరు చెప్పెడివాడు. అమలుపరచిన పిమ్మట సైతము ఒక రక్ష కలదు: నెట్‌కాన్ఫ్ అను పద్ధతిలో ధ్రువీకరణమును కోరుచు మార్పును పంపినచో, సాధారణముగా 600 సెకండ్లలోపల మరల ధ్రువపరుపని యెడల యంత్రము తనంత తానే పూర్వస్థితికి మరలిపోవును. తాను కూర్చున్న కొమ్మను తానే నరికికొని, యంత్రమును చేరు దారిని పోగొట్టుకొన్నవానికి ఇది సంజీవని. తనిఖీ చేయు సాఫ్ట్‌వేరునే గ్రుడ్డిగా నమ్ముటయు ప్రమాదమే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ లోకమంతట సుమారు ఆరు గంటలు మూగవోయినది. నిర్వహణలో భాగముగా ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ వెన్నెముక వంటి లంకెలన్నిటిని తెంపివేసినదనియు, అట్టి ఆజ్ఞలను ఆపవలసిన తనిఖీ పరికరములోనే దోషముండుటచే అది ఆపలేదనియు ఆ సంస్థయే వెల్లడించినది.

మౌసుతో లాగుట అనుభవశాలికి తగదనువారు ఇంకను కలరు. ఒక్క రౌటరులో ఒక్క వాక్యము మార్చుటకు చేతితో టైపు చేయుటయే వేగమని నేనును ఒప్పుకొందును. ఆ వేగమునకు మూల్యము పిమ్మట చెల్లింపవలసి యుండును. రాత్రివేళ ఎవరో నేరుగా యంత్రములో మార్చిన వాక్యము పటమునకు తెలియదు. కొంతకాలమునకు పటమొకటి చెప్పును, యంత్రమొకటి చేయును. అందుచే కాలానుసారముగా యంత్రములను అడిగి పటముతో సరిపోల్చు ఆడిట్ అను ప్రక్రియ ఏర్పడినది. పటమున నుండియు యంత్రమున లేని సేవకు కొన్ని సాఫ్ట్‌వేరులు ‘లాస్ట్’ అని పేరు పెట్టి ఎఱ్ఱరంగు వేయును. యంత్రమున నుండియు పటమున లేనివి అంతకంటె విచిత్రమైనవి.

మేము మొదటిసారి ఒక పాత నెట్‌వర్కును ఇట్లు పటమునకెక్కించినప్పుడు, తెనాలి శాఖకు, గుంటూరు గోదామునకు నడుమ ఒక గీత తేలినది. దానికి కాగితము లేదు. మాతో చేరి ఆరు నెలలైన ఇంజనీరు, ఒక అమ్మాయి, నన్ను పిలిచి, “సార్, ఈ గీత ఎవరిది? ఆర్డరు ఎక్కడా లేదు” అనెను. గుర్తు చూచితిని. 65000:4317. ఆ తుది నాలుగంకెలు నా పాత స్కూటరు నెంబరు. ఏడేండ్ల క్రిందట ఒక ఆదివారపు డేటా మార్పిడి కొరకు, మరునాడే తీసివేయుదునను తలంపుతో, తోచిన అంకె వేసి నేనే తెరచిన దారి అది.

“తీసేయమంటారా సార్?” అని ఆమె మౌసును ఆ గీతపై నిలిపెను. ముందు ఆ ఇరుచోట్ల వారికిని ఫోను చేయుమంటిని. చేయగా, ఏడేండ్లుగా గోదాము లెక్కలన్నియు ప్రతి సాయంకాలము ఆ దారినే తెనాలికి పోవుచున్నవని తెలిసినది. గీత ఉండిపోయినది; దానికి ఆనాడు ఒక ఆర్డరు నెంబరు పుట్టినది.