దొంగ, వజ్రం, కాలయంత్రం

1980 జూలై 18న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సరిగ్గా పదకొండేళ్ళకు, 1991 జూలై 18న, ‘ఆదిత్య 369’ సినిమా విడుదలైంది. ఇది కాకతాళీయమంటే మా నెల్లూరు తీరం వాళ్ళం ఒప్పుకోం. 2023లో అదే శ్రీహరికోట నుంచి సూర్యుడి మీద పరిశోధనకు వెళ్ళిన నౌక పేరూ ఆదిత్యే! శ్రీహరికోటతో పాటు సూళ్ళూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మా లెక్కలో అవి ఇంకా నెల్లూరే.

సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు ఉదయగిరిలో పుట్టారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఆ ఊరిదే. ఆ కొండ నీడన పుట్టినాయన తన కథానాయకుణ్ణి 1526కు, నేరుగా రాయల కొలువుకే పంపాడు. కథ విని నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు సిఫారసు చేసింది మా బాలు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. విమానప్రయాణంలో విన్నారని చెప్పుకుంటారు. ఇంగ్లీషు రచయిత వెల్స్ 1895లో కాలయంత్రం మీద రాసిన నవల ప్రేరణ అన్న సంగతి అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ చెప్పను.

చెప్పాల్సింది పనితనం గురించి. కాలప్రయాణం కథలు ఎక్కడ చతికిలపడతాయి? చూసేవాడు దారి తప్పే చోట. సింగీతం ఆ దారికి ఒక వజ్రాన్ని గుర్తుగా పెట్టారు. వర్తమానంలో అది మ్యూజియంలో ఉంటుంది, దానిమీద రాజావర్మ కన్ను. అమ్రీష్ పురి వేసిన ఆ దొంగ డబ్బుకు కక్కుర్తిపడే రకం కాదు, పురాతన వస్తువుల పిచ్చివాడు. అదే వజ్రం రాయల కాలంలోనూ కనబడుతుంది. కాలాన్ని జయించాలనుకునే కథలో, కాలం మిగిల్చిన వస్తువుల్ని దాచుకునేవాడే విలన్! ఇంతకంటే ముచ్చటైన అమరిక నేను చూడలేదు. 2504కి వెళితే రేడియేషన్‌కు భయపడి భూగర్భంలో బతికే మనుషులు. నవ్విస్తూ నవ్విస్తూ గుండెలో రాయి వేస్తాడాయన.

ఇక కెమెరా. బాలకృష్ణ అటు వర్తమానంలోని కథానాయకుడు కృష్ణకుమార్, ఇటు రాయలు. ద్విపాత్రాభినయానికి అప్పటి మార్గం మాస్కు. కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు ముందు సగానికి నల్లటి అడ్డు పెడతారు. ఒక పాత్రను తీసి, ఫిల్మును అంతే మేర వెనక్కి తిప్పి, అడ్డును అటువైపు మార్చి, రెండో పాత్రను తీస్తారు. నటుడు ఎదురుగా ఎవరూ లేని చోట చూపు నిలిపి మాట్లాడాలి. లైటు వెంట్రుకవాసి మారినా తెర మధ్యలో గీత పడుతుంది. పడిందో లేదో ల్యాబు నుంచి ప్రింటు వచ్చేదాకా తెలియదు. ఆ గుండెదడలోంచి పుట్టిన షాట్లవి.

ఛాయాగ్రాహకుడు పి.సి. శ్రీరామ్ అనారోగ్యంతో తప్పుకోవలసి వస్తే వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అందుకున్నారు. రాయల కాలం స్వామిది, భవిష్యత్తు కబీర్‌లాల్‌ది. ఒక్కో కాలానికి ఒక్కో కన్ను! ఆపద వచ్చి వరమిచ్చి పోయింది. ఇళయరాజా సంగీతం, జంధ్యాల మాటలు సరేసరి.

ఇదంతా ఎక్కడిదంటే, సింగీతం కె.వి. రెడ్డి శిష్యుడు. ‘మాయాబజార్’ (1957)కు సహాయకుడిగా పనిచేశారు. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరిన సినిమా అది, మార్కస్ బార్‌ట్లే కెమెరా పట్టిన సినిమా. ఆ బడిలో చదివినవాడే మాటల్లేని ‘పుష్పకవిమానం’ తీశాడు, కమల్‌హాసన్‌ను మరుగుజ్జుగా చూపించాడు, ‘భైరవద్వీపం’ కట్టాడు.

నేరగాళ్ళను కాలంలో తిప్పే కథలు బయటా ఉన్నాయి. అమెరికాలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సంపాదకత్వంలో 1987 నుంచి ‘వైల్డ్ కార్డ్స్’ సంకలనాలు వస్తున్నాయి. ఒకే లోకం, అందులో పలువురు రచయితల కథలు, వింత శక్తులున్న మనుషులు. 2018 నాటి ‘లో షికాగో’లో పేకాట బల్ల దగ్గర చేరిన నేరగాళ్ళూ వాళ్ళ అంగరక్షకులూ రకరకాల కాలాల్లోకి చెల్లాచెదురైపోతారు. చక్కటి ఊహే. కానీ దొంగను, కాలాన్ని ఒకే దారాన గుచ్చడం మనవాడు అంతకు ఇరవయ్యేడేళ్ళ ముందే చేసి చూపించాడు.

మరి ఇప్పుడు? ఎవరిని కదిపినా ‘యూనివర్స్’, అంటే ఒకే లోకంలో సినిమా వెంట సినిమా. ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ను నేనేమీ అనను, ఉన్న డబ్బుకు తగ్గ ఒళ్ళువంచిన పని అందులో ఉంది. ‘కల్కి 2898 ఏడీ’ వాళ్ళు సింగీతాన్నే మార్గదర్శిగా పిలుచుకున్నారు, ఆ వినయమూ మెచ్చదగ్గదే. నా కోపం వీళ్ళ వెనక బయల్దేరిన మంద మీద. ఈ కథ ముగించడం చేతకాక చివరి రెండు నిమిషాల్లో వచ్చే కథకు బయానా అడుగుతారు. పచ్చగుడ్డ ముందు నటుణ్ణి నిలబెట్టి, లైటు ఎటునుంచి పడుతుందో కూడా చూడకుండా, తర్వాత కంప్యూటర్‌లో సర్దుకుందామంటారు. విలన్‌కు ఒక కోరికంటూ ఉండదు, అరుపు తప్ప. టికెట్టు కొన్నవాడికి పూర్తి కథ బాకీ ఉన్నామన్న సిగ్గయినా ఉండొద్దా?

2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ని 4కె లో మళ్ళీ విడుదల చేశారు, సంతోషం. బొమ్మ దక్కింది, విద్య దక్కాలిగా! తొంభై దాటిన సింగీతం మన మధ్యే ఉన్నారు. ఆయన స్క్రీన్‌ప్లేను షాట్ల విభజనతో సహా అచ్చువేయండి. మాస్కు షాట్లు తీసిన చేతులు ఇంకా ఎవరివైనా మిగిలుంటే వాళ్ళను నెల్లూరు టౌన్‌హాల్‌కు పిలిచి, పాత కెమెరా ఒకటి ముందు పెట్టి, పిల్లల ఎదుట ఫిల్ము వెనక్కి తిప్పించండి. ఖర్చు మా ఊరివాళ్ళం పెట్టుకుంటాం.