నడావళికెక్కని మాట

కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాలో గ్రామసభ జరిగితే మాటలు తెలుగులో సాగుతాయి, సభలో జరిగింది రాసే నడావళి పుస్తకం కన్నడలో నిండుతుంది. ఆ తర్వాత నాలాంటి వాళ్లొచ్చి ఇంగ్లీషులో నివేదిక రాస్తారు. పరిపాలనా సంస్కరణల మీద పరిశోధనే బతుకుతెరువైన నాకు, ఈ మూడు భాషల మధ్య జారిపోయేదేమిటో పట్టుకోవడానికి పదేళ్లు పట్టింది.

ఒక ఎండాకాలం సభ. బడి ముందు షామియానా, కార్యదర్శి ముందు నడావళి పుస్తకం. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "నీళ్లు లేవని నేననలా సామీ. నడిరేత్రి ఒంటిగంటకు వదల్తారు. మూడు బిందెలు పట్టేసరికి తెల్లారతాది. పొద్దున్నే టమాటా తోటకు కూలికి యెట్ల పోవల్ల? సాయంత్రం వదిలితే ఏమి?" కార్యదర్శి తలూపి రాసుకున్నాడు. సభ ముగిశాక ఆ పేజీ చూశాను. "కుడియువ నీరిన సమస్యె బగ్గె చర్చిసలాయితు." తాగునీటి సమస్య గురించి చర్చించడమైనది, అంతే. దాని కింద కొత్త బోరు కోసం ఠరావు, అంటే తీర్మానం.

ఆవిడ బోరు అడగలేదు. నీళ్లు వదిలే వేళ మార్చమంది. కరెంటు రాత్రిపూట వస్తుంది కాబట్టి మోటారు అప్పుడే వేయాలి, నిజమే. కానీ రాత్రి ట్యాంకు నింపుకుని సాయంత్రం వాల్వు తిప్పొచ్చుగదా. వెయ్యడుగులు దాటినా నీటి చెమ్మ తగలని బోర్లున్న తాలూకాలో మరో బోరుకు ఠరావు చేశారు. కార్యదర్శిని తప్పుపట్టేముందు నా నోటుబుక్కు తెరిచాను. అందులో నా చేతిరాతతో ఉన్నది రెండే మాటలు: తాగునీరు, కొరత.

ఈ రాష్ట్రంలో పంచాయతీకీ నీళ్లకూ ఉన్న ముడి పాతది. 1983 పంచాయతీ చట్టం వెనక నిలబడి, 1987లో జిల్లా పరిషత్తులకూ మండల పంచాయతీలకూ ఎన్నికలు జరిపించిన మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్‌ను జనం 'నీర్ సాబ్' అని పిలుచుకున్నారు, ఊరూరా బోర్లు వేయించాడని. ఆడవాళ్లకు నాలుగోవంతు స్థానాలు ఆ చట్టంలోనే ఉన్నాయి, 73వ రాజ్యాంగ సవరణకు ఏళ్ల ముందే. ఆడది సభలో లేచి నిలబడే దారి అప్పుడు పడింది. లేచినావిడ మాట పుస్తకంలోకి ఎక్కే దారి ఇంకా సరిగ్గా పడలేదు.

మా రంగంలో నేను గురువులుగా తలచుకునేవాళ్లు ఊళ్లో ఉండి చూసినవాళ్లు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువల కింద పల్లెల్లో మకాం వేశాడు. నీటిపారుదల శాఖలో పోస్టింగులు డబ్బుకు అమ్ముడుపోవడం, ఇచ్చిన డబ్బును ఇంజనీర్లు రైతుల దగ్గరా కాంట్రాక్టర్ల దగ్గరా రాబట్టుకోవడం, 1982లో ఆయన రాసిన వ్యాసంతో లోకానికి తెలిసింది. కాలువ చివర, నీటికి కటకటపడే ఊళ్లు తామే మనుషుల్ని పెట్టుకుని నీళ్లు పంచుకుంటాయని 1988 నాటి పుస్తకంలో చూపించాడు. మా చింతామణి వైపు చెరువు కింద నీళ్లు పంచే నీరుగంటిని చూసి పెరిగినవాళ్లకు ఆ పుస్తకం ఇంటి మాటలా అనిపిస్తుంది. ప్రశ్నావళి పట్టుకుని రెండ్రోజులు తిరిగిపోయేవాడికి పోస్టింగు ధర ఎవరు చెబుతారు?

2018లో పరోమితా సన్యాల్, విజయేంద్ర రావు కలిసి రాసిన 'ఓరల్ డెమొక్రసీ' వచ్చింది. దక్షిణాది గ్రామసభలు దాదాపు 300, ఎవరేమన్నారో అన్నట్టుగా రాయించి, ఆ మాటల్నే ముందు పెట్టుకుని చదివిన పుస్తకం. చదువుతున్నంతసేపూ నాకు ఆ వెనక వరస ఆవిడ కనిపించింది.

అప్పటినుంచి నేను మాటను దిద్దకుండా రాసుకుంటున్నాను. అలా రాస్తుంటేనే 'అంట' దొరికింది. మావాళ్లు ప్రభుత్వం గురించి మాట్లాడితే ఆ మాట చివర వచ్చి తీరుతుంది: బిల్లు వచ్చిందంట, ఇల్లు మంజూరైందంట, పహణిలో, అంటే భూమి రికార్డులో, పేరెక్కిందంట. చింతామణి తాలూకా కచేరి బయట ఒక పెద్దాయన కంప్యూటరు పహణి చేతిలో పట్టుకునే "పేరెక్కిందంట నాయనా" అన్నాడు. కాగితం అతని చేతిలోనే ఉంది. చదువు రాదు, రాతేమో కన్నడం, లోపల కౌంటరులో ఎవరో చెప్పిన మాట మీదే నమ్మకం. 'భూమి' పథకం పహణిని కంప్యూటరులోకి ఎక్కించి గ్రామ లెక్కాధికారి చేతిరాత నుంచి రైతును తప్పించింది, అది పెద్ద మేలే. ఆ 'అంట' మాత్రం చెరగలేదు. నా ఇంగ్లీషు నివేదికలో ఆ వాక్యం "రైతుకు రికార్డు అందినది" అని అచ్చయ్యేది. విద్యార్థులు యాస తీసేసి శుభ్రంగా రాసిస్తామంటే నేను ఒప్పుకోను. శుభ్రం చేస్తే మొదట పోయేది ఆ రెండక్షరాలే.

ఆ సభ జరిగిన మరుసటి వారం మళ్లీ ఆ ఊరెళ్లాను. ఆవిడ మాటలు గుర్తున్నంత మేర రాసుకుని, ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ చివరిదాకా విన్నది.

"మూడు కాదు, రెండే బిందెలు. అది కొట్టెయ్. వేళ మాత్రం అట్లే ఉండనీ."

కొట్టేసి రెండు అని రాశాను. ఆవిడ ఒంగి చూసి, ఏ అంకె మీద గీత పడిందో వేలు పెట్టి అడిగింది.