ముద్ర నిజము – లేఖ అబద్ధము

హత్యాకథలయందు తెలుగు పాఠకులకు గల మక్కువ క్రొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరు ఇంటింట పరిచితుడై యుండిన దినములలో, చంపినవాడెవడో తెలియువరకు పుస్తకము క్రింద పెట్టని పాఠకులు మన యిండ్లలో ఎందరో యుండిరి. ఆ మక్కువను మేము తప్పు పట్టము. కాని చరిత్రలో నిజముగా జరిగిన హత్యను కథగా చెప్పునపుడును, చదువునపుడును, ‘చంపినవాడెవడు’ అను ప్రశ్న యొక్కటియే చాలునా? చాలదని మా అభిప్రాయము. దానికి నిదర్శనముగా రెండు హత్యల కథలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము. ఒకటి అమెరికాలోని సేలం అను ఓడరేవున 1830లో జరిగినది. రెండవది బీదరు సుల్తాను శిబిరమున, తెలుగు నేలపైనున్న కొండపల్లిలో 1481లో జరిగినది. రెండింటికి నడుమ మూడున్నర శతాబ్దముల యెడము గలదు. అయినను రెండింటను ఒక కల్పిత లేఖ ముఖ్యపాత్ర వహించినది. ఆ లేఖను ఎవరు ఎట్లు చదివిరి అనునదే ఈ కథల ప్రాణమని మేము తలంచుచున్నాము.

సేలం మసాచుసెట్సు రాష్ట్రమున నొక చిన్న రేవు పట్టణము. ఒకప్పుడు దాని ఓడలు సుమత్రా మిరియములకొరకును, మన దేశపు నూలుబట్టలకొరకును సముద్రములు దాటి వచ్చెడివి. ఆ వర్తకముచే ధనవంతుడైన వృద్ధ నావికుడు జోసెఫ్ వైట్. 1830 ఏప్రిల్ 6వ తేదీ రాత్రి, ఎనుబది రెండేండ్ల యీ వృద్ధుని నిద్రలోనే తలపై మోది, పదుమూడు పోట్లు పొడిచి చంపిరి. ఇంట వెండి బంగారములు ఉన్నవి ఉన్నట్లే యుండెను. పట్టణము గడగడలాడినది. పౌరులు ఒక పరిశోధక సంఘము నేర్పరచుకొనిరి.

కారణము పిమ్మట తెలిసినది. వృద్ధుని మేనకోడలి అల్లుడైన జోసెఫ్ నాప్, వీలునామా లేకున్నచో ఆస్తిలో సగము తన అత్తగారికి వచ్చునని నమ్మెను. వీలునామాను దొంగిలించి, తన తమ్ముడు ఫ్రాంకు సాయముతో రిచర్డ్ క్రౌనిన్‌షీల్డ్ అనువానికి వేయి డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొని హత్య చేయించెను. అతడు దొంగిలించిన వీలునామా పాతది. కడపటి వీలునామా న్యాయవాదివద్ద భద్రముగా నుండెను. వారసత్వ ధర్మమును గూర్చి అతడు వేసిన లెక్కయును తప్పే. ఒక కాగితమును సరిగా చదువలేకపోవుటచే ఒక ప్రాణము పోయెను.

నేరము బయటపడుటయు కాగితములవలననే. ఈ సంగతి నెరిగిన పామర్ అను మాజీ ఖైదీ, డబ్బు పంపకున్న రహస్యము బయటపెట్టుదునని జోసెఫ్ నాప్‌కు జాబు వ్రాసెను. తండ్రికిని అదే పేరు. జాబు తండ్రి చేతికి చేరెను. అర్థము తెలియని ఆ తండ్రి దానిని పరిశోధక సంఘమునకు అందజేసెను. అంతకుమించి గమనింపదగిన విషయము మరొకటి గలదు. అనుమానమును మరలించుటకై కొడుకు వేరొక పేరుతో లేఖలు పుట్టించెను. హత్య చేయించినది మృతుని ముఖ్య వారసుడైన స్టీఫెన్ వైటేయని అందు సూచించెను. తెలుగువారు ఆకాశరామన్న ఉత్తరమని యెగతాళి చేయు జాతికి చెందినది యీ లేఖ. సంఘమువారు దానిని నమ్మి స్టీఫెన్‌ను ఉరికంబ మెక్కింపలేదు. లేఖ ఎవరి చేతినుండి వెలువడినదో విచారించిరి. విచారణతో వ్రాయించినవాడే చిక్కెను.

క్రౌనిన్‌షీల్డ్ చెరసాలలోనే ఉరి పోసుకొనెను. ప్రసిద్ధ వక్త డేనియల్ వెబ్‌స్టర్ ప్రాసిక్యూషన్ పక్షమున వాదించెను. ఫ్రాంకు విషయమున మొదటి జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. మరల విచారణ జరిపిరి. తుదకు అన్నదమ్ము లిరువురును ఆ సంవత్సరమే ఉరితీయబడిరి. వెబ్‌స్టర్ ఉపన్యాసపు ఛాయ 1843లో ఎడ్గార్ అలెన్ పో ప్రచురించిన ‘ది టెల్-టేల్ హార్ట్’ కథలో గలదని విమర్శకులు పలువురు చెప్పుదురు. నిద్రించు వృద్ధుడు, చీకటి గది, దాగని నేరము – కథకులకు ఇవియే ఆకర్షణము. మమ్ము ఆకర్షించినది మాత్రము ఆ కల్పిత లేఖ నిలువకపోవుట. పడమటివారు పుట్టుకతోనే న్యాయవేత్తలని దీనికి అర్థము కాదు. ఇదే సేలంలో 1692లో మంత్రగత్తెలన్న నెపమున, కంటికి కనబడని సాక్ష్యమును నమ్మి పందొమ్మిదిమందిని ఉరితీసిరి. నిదానించి విచారించుట ఆ పట్టణము మూల్యము చెల్లించి నేర్చుకొనిన పాఠము.

ఇక మన కథకు వత్తము. ఖ్వాజా మహమూద్ గవాను కాస్పియన్ సముద్రతీరపు గీలాను దేశస్థుడు. 1453లో వర్తకుడై దాభోలు రేవున దిగి బీదరు చేరెను. బహమనీ సుల్తానుల కొలువున క్రమముగా నెదిగి, 1466 మొదలు ప్రధానమంత్రియై, 1472లో గోవాను జయించెను. ఆ సంవత్సరమే బీదరున తన మదరసాను నిలిపెను. నేటికిని దాని యొక మినారుపై రంగుల పెంకులు మెరయుచునే యున్నవి. 1696లో జరిగిన ప్రేలుడులో కట్టడములో కొంత భాగము నేలకూలెను. కొల్హార్‌లోను, చుట్టుప్రక్కలను కాపురమున్న మన కుటుంబములలో దానిని చూడనివారుండరు. కట్టించినవా డెట్లు చచ్చెనో ఎరిగినవారు తక్కువ.

ఈ మరణమును విస్తరించి చెప్పినవాడు ఫెరిష్టా. అతని కథనము సంగ్రహముగా నిది. గవాను శత్రువులు అతని ముద్రాధికారియైన హబ్షీని మచ్చిక చేసికొని, మత్తులో నుండగా మడత పెట్టిన తెల్లకాగితముపై ముద్ర వేయించుకొనిరి. సుల్తాను త్రాగుబోతు, క్రూరుడు, దండెత్తి రమ్ము, రాజ్యమును పంచుకొందమని ఒరిస్సా రాజునకు గవాను వ్రాసినట్లు దానిపై వ్రాసిరి. మూడవ మహమ్మదు షా మద్యము సేవించియుండగా దానిని చూపిరి. పోవలదని మిత్రులు వారించినను గవాను పిలుపునందుకొని వెళ్లెను. రాజద్రోహికి శిక్ష యేమని సుల్తాను అడిగెను. ఖడ్గమేయని గవాను చెప్పెను. లేఖ చూపగా, ముద్ర తనదేననియు వ్రాత తనది కాదనియు పలికెను. సుల్తాను లేచి లోనికి పోవుచు జౌహరు అను బానిసకు సైగ చేసెను. 1481 ఏప్రిల్ 5న ఏడుపదుల ఆ వృద్ధుని తల నేలకొరిగెను.

విమర్శకుడు ఇచట రెండు పనులు చేయవలెను. మొదటిది, కథనమును పరీక్షించుట. ఫెరిష్టా ఇది వ్రాసినది సంఘటన జరిగిన సుమారు నూట పాతికేండ్లకు. త్రాగినవాని గదిలో జరిగిన మాటలు అతనికెట్లు తెలిసెను? నేరస్థుడు తన శిక్షను తానే చెప్పుకొనుట కథలలో తరచుగా కనబడు ఘట్టము కాదా? మరియు ఫెరిష్టా బీజాపూరు కొలువునందు వ్రాసెను. ఆ రాజ్యస్థాపకుడైన యూసుఫ్ ఆదిల్‌ఖాను గవాను చేరదీసి పెంచినవాడు. ఫెరిష్టా ప్రధాన కుట్రదారుగా నిలిపిన మలిక్ హసన్ నిజాముల్‌ముల్క్ కుమారుడే అహమ్మదునగరు రాజ్యస్థాపకుడు. ఆ రాజ్యపు కొలువున, 1590ల దశకమున, సయ్యద్ అలీ తబాతబా వేరొక చరిత్ర వ్రాసెను. అనగా హతుని పక్షమువారి అన్నము తినినవాడొకడు, నిందితుని వంశమువారి అన్నము తినినవాడొకడు మనకు సాక్షులు. ఇరువురిని వినవలసినదే. ఎవరి మాటయు తూకము వేయక గ్రహింపరాదు. అలంకారములను తొలగించినను మిగులునది స్వల్పము కాదు: లేఖ కల్పితము, మంత్రి విచారణ లేకయే వధింపబడెను.

రెండవది, కారణమును సరిగా గుర్తించుట. ఈ కథను చెప్పువారు పలువురు దీనిని దేశీయులైన దక్కనీలకును, విదేశీయులైన ఆఫాకీలకును జరిగిన పగగా తేల్చి ముగింతురు. మలిక్ హసను బ్రాహ్మణకులమున పుట్టి, చిన్ననాడు చెరపట్టబడి మతము మార్చబడినవాడని ఫెరిష్టా చెప్పుటచే, ఆ రంగును కొందరు మరింత చిక్కగా పూయుదురు. ఇది సోమరి చదువు. గవాను రెండు పక్షములవారికిని పదవులు పంచినవాడు. అతడు తెచ్చుకొనిన శత్రుత్వము పాలనాసంస్కరణ వలన వచ్చినది. నాలుగు పెద్ద తరఫులను ఎనిమిదిగా విభజించెను. తెలంగాణము రాజమహేంద్రవరము, ఓరుగల్లు అని రెండయ్యెను. అందుచే మలిక్ హసను అధికారము సగమునకు తగ్గెను. తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటయే యుండవలెనని శాసించి, తక్కినవానిని సుల్తాను పరము చేసెను. భూముల కొలతలు వేయించెను. లెక్క అడిగినవానిపై లెక్క చెప్పవలసినవారికి కోపము వచ్చుటకు జాతిభేదము అక్కరలేదు. అది ఆ కోపమునకు తొడిగిన ముసుగు మాత్రమే.

ఈ కథలో మా హృదయమును మిక్కిలి నొప్పించినది ఇంకొకటి గలదు. గవాను లేఖారచనయందు తన కాలమున పేరుగాంచిన పండితుడు. అతని లేఖల సంపుటి ‘రియాజుల్ ఇన్షా’ నేటికిని నిలిచియున్నది. ఒట్టోమను సుల్తానునకు, పారసీక మహాకవి జామీకి వ్రాసిన లేఖలందు గలవు. లేఖలు ఎట్లు వ్రాయవలెనో నేర్పు ‘మనాజిరుల్ ఇన్షా’ అను లక్షణగ్రంథమును గూడ రచించెను. అట్టివానిని ఒక దొంగ లేఖ చంపెను. కొలువులో అతని శైలి నెరిగిన మునిషీ యొక్కనిని పిలిచి, ఈ వాక్యములు ఖ్వాజావేనా యని అడిగియుండిన చాలునేమో. అది సాహిత్యవిమర్శ చేయదగిన పని. ఆ దినమున విమర్శకునికి కొలువులో చోటు లేకపోయెను. సుల్తాను ముద్రను చూచెనే కాని లేఖను చదువలేదు.

మేము కచేరీలో గుమాస్తాగా కాగితముల నడుమ ప్రొద్దుపుచ్చినవారము. ముద్ర యన్నది కాగితము ఏ కచేరీ చేయి దాటెనో చెప్పును గాని, అందలి మాట సత్యమని చెప్పదు. అందుకే ఆవకు జావకు పుస్తకములు పుట్టినవి. ఏ తేదీన, ఎవరు, ఎవరికి పంపిరో చూచి కాని కాగితమును నమ్మరాదు. సేలం పౌరులు ఈ పనినే చేసిరి. కొండపల్లి శిబిరమున శిక్ష ముందు నడిచి విచారణ వెనుక వచ్చెను. తల తెగిన పిమ్మట సుల్తాను గవాను ధనాగారమును సోదా చేయించగా, కూడబెట్టిన నిధి దొరకలేదనియు, అతడు చాపపై పరుండి, మట్టికుండలలో వండుకొని, తన రాబడిని బీదలకు పంచెడివాడనియు తెలిసెనని ఫెరిష్టా వ్రాసెను. ఆ సోదా ఒక్క దినము ముందు జరిగియుండిన ఎంత బాగుండెడిది!

ఫలితము రాజ్యమంతయు అనుభవించెను. సుల్తాను ఏడాది నిండకయే, 1482 మార్చిలో మరణించెను. మలిక్ హసను 1486లో బీదరుననే హత్యకు గురియయ్యెను. బీదరు కొలువుపై నమ్మకము పోయిన తరఫ్‌దారులు దూరదూరముగా నుండజొచ్చిరి. 1490 ప్రాంతమున అహమ్మదునగరు, బీజాపూరు, బేరారు విడిపోయెను. పిదప గోలకొండయును వేరుపడెను. ఒక కాగితమును చదువక నమ్మినందులకు ఒక మహారాజ్యము చెల్లించిన వెల యిది.

మన యీ తెలుగు కుటుంబములకు ఈ కథతో ప్రత్యేక సంబంధము గలదని మేము భావించుచున్నాము. 1956 నవంబరు 1న బీదరు హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరిన నాటినుండి, ఇచటి తెలుగువారము కన్నడ సోదరుల నడుమ చిన్న సంఖ్యగా నున్నాము. వారు మనలను ఇంటివారివలె చూచుకొనుచున్నారు. అయినను ఎక్కడనైనను ‘ఇచటివాడు, పైవాడు’ అను మాట అధికారమునకై పెనుగులాడువారికి అనువైన పనిముట్టు. అట్టి మాటతో వచ్చు ఉత్తరమును, నేడు ఫోనులో ఒకరినుండి యొకరికి ప్రాకు వార్తను, మనము చదువక నమ్మరాదు. మనవారిపై వచ్చినను, మనవారు ఇతరులపై పంపినను నియమ మొక్కటియే.

కావున పిల్లలకు ఈ కథ చెప్పునపుడు కుట్రదారుల పేర్లతో ఆపవలదని మా మనవి. మదరసా ముందర నిలిపి, ఆ సుల్తాను స్థానమున నీవున్నచో ఆ లేఖ విషయమున మొదట ఏమి అడిగియుందువని ప్రశ్నింపుడు. ముద్ర వేసినదెవరు, వ్రాత యెవరిది, ఈ మాటలు ఆయన మాటలేనా, దీనివలన లాభమెవరికి – ఈ నాలుగు ప్రశ్నలు పిల్లల నోట వచ్చినచో ఆ చదువు ఫలించినట్లే.